బ్యాటరీకి జానెడు దూరంలో

మా వదిన బస్సెక్కి వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయిన మూడో రోజున అన్నయ్య ఆమెను జుట్టు పట్టుకుని షెడ్డులోకి ఈడ్చుకొచ్చాడు. నేనప్పుడు స్టూలు మీద నిలబడి ఒక క్యారవాన్ పైకప్పుకు లైటు బిగిస్తున్నాను. పళ్ళ మధ్య రెండు స్క్రూలున్నాయి. స్క్రూలుండబట్టే అరవలేకపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఉత్త అబద్ధం. రెండు స్క్రూలు ఉమ్మేయడానికి ఎంతసేపు పడుతుంది? భయమేసి అరవలేదు.

బల్ల మీద మీటరు పొడవున కోసి పెట్టుకున్న కేబుల్ ముక్కలున్నాయి. అన్నయ్య వాటిలోంచి లావుది ఏరుకున్నాడు. ఏరుకోవడం నేను చూశాను. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది అందుకే. కోపంలో చేతికందింది పట్టుకోవడం వేరు, సన్నవి పక్కకు తోసి లావుది తీసుకోవడం వేరు. వదిన మొహానికి మోచేతులు అడ్డం పెట్టుకుని నేల మీద ముడుచుకుపోయింది. మొదటి దెబ్బకి "అమ్మా" అంది. ఆ తర్వాత కిమ్మనలేదు. షెడ్డు ఆ చివర అలమరాలు చేసే వడ్రంగి బాబాయి చిత్రిక చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఇంకోసారి గడప దాటావంటే మీ అక్క కాళ్ళు విరగ్గొట్టి తెచ్చి నీ ఒళ్ళో పడేస్తా," అన్నాడు అన్నయ్య రొప్పుతూ. "అన్నంత పనీ చేస్తానని నీకు తెలుసుగా."

తెలుసు. వదినను లాక్కొస్తుంటే అడ్డం వచ్చిన పాపానికి వాళ్ళ అక్క చెయ్యి అప్పటికే విరిగింది. వదిన వీపుకు నేను మందు రాస్తుంటే ఆమే ఆ సంగతి చెప్పింది. వీపు మీద చారలు నా బొటనవేలంత వెడల్పున తేలాయి. నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఊరుకోబెట్టింది.

మాది బళ్ళకు కరెంటు పని చేసే షెడ్డు. జనం సెలవులకు ఇల్లులా వాడుకునే క్యారవాన్లలో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటర్లు, చిన్న ఫ్రిజ్జులు బిగిస్తాం. అన్నీ పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచేవే. పన్నెండు వోల్టులు ముట్టుకున్నా షాక్ కొట్టదు కాబట్టి జనానికి దానిమీద లెక్కలేదు. "ముట్టుకుంటే ఏమీ చెయ్యదే ఉడుతా, మనం అటు తిరిగినప్పుడు కాలుస్తుంది," అనేవాడు నాన్న. నాకు ఉడుత అని పేరు పెట్టింది ఆయనే, ఎంత ఇరుకు అలమరాలోనైనా దూరి వైరు లాగుతానని. పని నేర్పింది కూడా ఆయనే, నాకూ అన్నయ్యకూ ఒకే బల్ల మీద.

నాన్న పద్ధతులు ఎక్కువేం లేవు. కొత్త సామాను ఏది పెట్టినా పాత వైరుకు అతికించకూడదు, దాని లైను దానికి వేరే లాగాలి. ఆ లైనుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. అంతకంటే దూరం పెడితే ఆ మధ్య వైరుకు దిక్కెవరు? ఫ్యూజు పోయిందంటే అది మనల్ని పిలుస్తోందన్నమాట, ఎందుకు పోయిందో వెతకాలి, అంతేగాని పెద్దది తెచ్చి నోరు నొక్కకూడదు. చెయ్యి చాపి జానెడు కొలిచి చూపించేవాడు. అన్నయ్య చెయ్యి నాకంటే పెద్దది కాబట్టి అన్నయ్య జానెడు ఒప్పుకునేవాడు కాదు, "ఉడుత జానెడు లెక్క" అనేవాడు. అన్నయ్య ఉడుక్కునేవాడు. ఒకప్పుడు మా అన్నయ్యకు ఉడుక్కోవడం ఒక్కటే వచ్చు.

వదిన తిరిగొచ్చిన వారానికి అన్నయ్య ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల కరెంటుతో తెరుచుకునే తలుపు గొళ్ళెం ఉంది. తలుపు మూస్తే గొళ్ళెం దానంతటదే పడుతుంది, తెరవాలంటే బటన్ నొక్కాలి.

"మన సొంత బండికి పెట్టు," అన్నాడు.

మా సొంత బండి అంటే ఆవరణ మూలన పెట్టిన క్యారవాన్. వచ్చిన వాళ్ళకు మా పనితనం చూపించడానికి దాన్ని అన్నిరకాల సామానుతో ముస్తాబు చేస్తున్నాం. "బటన్ ఎక్కడ పెట్టను?" అని అడిగాను.

"బయట, మెట్టు కింద. కనబడకూడదు."

"లోపల?"

"లోపల వద్దు. లోపలి పిడి కూడా పీకెయ్."

నేను తలెత్తి చూశాను. అన్నయ్య నవ్వుతున్నాడు, కష్టమర్లతో నవ్వినట్టే, చక్కగా. "బయట తాళం కప్ప వేలాడితే పదిమందీ అడుగుతారే. ఇదైతే అడిగేవాడు ఉండడు. లోపల ఫ్యానుంది, లైటుంది, పడుకోవడానికి మంచముంది. నాకు పనుల్లో కాపలా కాసే తీరికెక్కడుంది చెప్పు?"

"అన్నయ్యా, మనిషిని లోపల పెట్టి మూస్తావా?"

"నీకు చెప్పింది చెయ్," అన్నాడు. "లైట్ల లైనులోంచే తీసుకో, దానికో వేరే లైను దండగ."

చేశాను. చేయకపోతే అన్నయ్యే చేసేవాడు, ఇంకా అధ్వాన్నంగా చేసేవాడు. అలా అని సమర్థించుకోవడానికి చెప్పడం లేదు, నా చేత్తోనే ఆ గొళ్ళెం బిగించానని చెబుతున్నాను. బయటి బటన్ మెట్టు కింద పెట్టాను. లోపలి పిడి పీకి ఆ కన్నానికి మూత వేశాను. అన్నయ్య వచ్చి నాలుగుసార్లు తెరిచి మూసి, నా భుజం తట్టి వెళ్ళాడు.

వాడు అటు వెళ్ళగానే నేను మళ్ళీ బండిలో దూరాను. లైట్ల లైను జోలికి పోకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఇంకో వైరు తీశాను. బ్యాటరీకి నా జానెడు లోపలే పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు తొడుగు వేశాను. వైరును నేలచెక్క కిందుగా గొళ్ళెం దాకా లాగాను. మంచం చట్రం అడుగున, పడుకున్న మనిషి చెయ్యి వేలాడేస్తే తగిలే చోట, చిన్న బటన్ బిగించాను.

మర్నాడు వదినను లోపల పెట్టాడు. ప్రొద్దున వంట కాగానే పెట్టడం, సాయంత్రం మళ్ళీ వంట వేళకు తీయడం. మొదటి రోజు నేను మంచం కింద వైరు సరిచేసే నెపంతో లోపలికి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని ఆ బటన్ మీద పెట్టాను.

వదినకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "ఇప్పుడే నొక్కి పోనా?" అంది గుసగుసగా.

"పోయి ఎక్కడికెళ్తావు? మీ అక్క దగ్గరికేగా? వాడికి దారి తెలుసు." నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. "ఒక్కసారి నొక్కావంటే వాడికి తెలిసిపోతుంది వదినా. ఆ తర్వాత నన్నూ బతకనివ్వడు, నిన్నూ బతకనివ్వడు. ప్రాణం మీదికొస్తేనే నొక్కు."

"ప్రాణం మీదికి ఇంకా రాలేదంటావా?" అంది. నేను తల దించుకుని వైరు సర్దాను. ఆమే మళ్ళీ నా తల నిమిరి, "సర్లే పిచ్చీ, దాచుకుంటాలే," అంది.

అప్పట్నించి రోజూ మధ్యాహ్నం నేను పైకప్పు గాలికిటికీలోంచి నీళ్ళ సీసా తాడు కట్టి దించేదాన్ని. రేకు బండి ఎండకు సెగలు కక్కేది. వదిన కింద నుంచి జోకులు వేసేది. "ఉడుతా, మీ అన్నయ్య నాకు చక్రాల మేడ కట్టించాడే. రేపోమాపో ఫ్రిజ్జు కూడా వస్తుందట. ఎంతమంది ఆడవాళ్ళకుంది ఈ యోగం?" నవ్వేదాన్ని. నవ్వి, కిందికి దిగి, బండి చాటున కూర్చుని ఏడ్చేదాన్ని.

కొన్ని రోజులు సాయంత్రం తీసేటప్పుడు కూడా దెబ్బలు పడేవి. మొహం ముడుచుకుందని ఒకసారి, నవ్విందని ఒకసారి. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందని తల గోడకేసి కొడితే చెవిలోంచి రక్తం కారింది. ఆ తర్వాత వాడే దూది తెచ్చి తుడిచి, ఆమె పాదాల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినప్పుడల్లా నాకు దెబ్బలకంటే ఎక్కువ భయమేసేది. "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు తల్లీ," అన్నాడు బాబాయి నేను అడిగితే. అలా అన్న రోజు ఆయన అన్నం తినకుండా డబ్బా అలాగే మూసి ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఎండలు ముదిరేసరికి పనులు నెత్తిమీదికొచ్చాయి. సెలవులకు బయల్దేరే ముందు అందరికీ అన్నీ ఒకేసారి కావాలి. నాన్న పద్ధతులన్నీ అన్నయ్య పక్కన పెట్టేశాడు. సొంత బండిలో ఫ్రిజ్జు పెట్టి లైట్ల లైనుకే అతికించాడు. ఆ మీద పాటల పెట్టె, రెండో ఫ్యాను కూడా దానికే. ఆ వైరు నాలుగు లైట్ల కోసం వేసిన సన్నటి వైరు. ఆ లైట్ల లైనుకున్న పది ఆంపియర్ల ఫ్యూజు రోజుకోసారి పోవడం మొదలైంది. అన్నయ్య విసుక్కుని దాని చోట ముప్పై గుచ్చాడు.

నేను చూసి పీకేసి మళ్ళీ పది పెట్టాను. వాడు మళ్ళీ ముప్పై పెట్టాడు. నేను మళ్ళీ పది పెట్టాను.

అప్పుడే ఎవరో కష్టమర్లు బండి చూడటానికి వచ్చారు. అన్నయ్య వదినను ఇంట్లోకి పంపేసి, వాళ్ళకు అన్నీ వేసి చూపిస్తుంటే ఫట్‌మని మొత్తం ఆరిపోయింది. వాళ్ళు మర్యాదగా దగ్గి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. అన్నయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎవరు మార్చారు?"

"నేనే," అన్నాను. "ఆ వైరు ముప్పై మొయ్యలేదన్నయ్యా. ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది. గోడలో చెక్కకూ చెక్కకూ మధ్య కాలుతుంది, మనకు కనబడను కూడా కనబడదు. లోపల వదిన ఉంటుంది. నాన్న ఉంటే..."

బల్ల మీద వైరు కొసలు నొక్కే క్రింపింగ్ ప్లయరు ఉంది. వాడు నా ఎడమ చెయ్యి పట్టుకుని బల్లకు అదిమి, ఉంగరం వేలు కొసను ఆ ప్లయరు నోట్లో పెట్టి నొక్కాడు. గోరు పటుక్కుమంది. నా కేక నాకే ఎవరిదో అనిపించింది. "నాన్న లేడు," అన్నాడు, నా చెవి దగ్గర వంగి, చాలా నెమ్మదిగా. "ఇంకోసారి ఆ ఫ్యూజు ముట్టుకుంటే ఇంకో వేలు." వదిలేసి వెళ్ళి, తనే ముప్పై గుచ్చి వచ్చాడు.

ఆ తర్వాత నేను ముట్టుకోలేదు. తొమ్మిది వేళ్ళు మిగిలాయి కదా, వాటి మీద నాకు ప్రేమ. ఎనిమిది రోజులు ఆ సన్నటి వైరు ముప్పై కింద నడిచింది. ఎనిమిది రోజులూ నేను ఆ బండి గోడల మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని, జ్వరం చూసినట్టు. ఎండకే వేడెక్కి ఉండే రేకులో ఏ వేడి ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నానికి మళ్ళీ వస్తున్నామని ఆ కష్టమర్లే ముందుగా కబురు పెట్టారు. ఫ్రిజ్జు ముందుగా చల్లబడాలని, లోపల చల్లగా ఉండాలని, అన్నయ్య ప్రొద్దున్నే అన్నీ వేసేశాడు. వాళ్ళొచ్చే వేళకు వదినను తీసి ఇంట్లోకి పంపాలనుకున్నాడు. ఫోను మాట్లాడుతూ వీధి గేటు దాకా వెళ్ళాడు. బాబాయి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

నాకు ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్కు కాలే వాసన ఈ పనిలో ఉన్న వాళ్ళకు నిద్రలో వచ్చినా లేచి కూర్చుంటారు. షెడ్డు వెనక నుంచి చుట్టూ పరిగెత్తాను. బండి గాలికిటికీలోంచి నల్లటి పొగ లేస్తోంది. గోడ మధ్య పసుపురంగు పూత ఉబ్బి గోధుమరంగుకు తిరుగుతోంది, లోపల వైరు వెళ్ళిన దారినే గీత గీసినట్టు.

నేను తలుపు చేరేలోపే గొళ్ళెం టక్కుమంది. తలుపు తెరుచుకుని వదిన చేతులూ మోకాళ్ళ మీద బయట పడింది. వెనకాల తలుపును స్ప్రింగు లాగి మూసేసింది, గొళ్ళెం మళ్ళీ పడింది. లైట్ల లైను కాలిపోయినా నా లైను బతికే ఉంది. నేను ఆమెను చంకల కింద పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దాకా లాగాను. దగ్గుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు చివర్లు కమిలాయి. అంతకుమించి ఏమీ కాలేదు. గట్టిగా కావలించుకున్నాను.

అప్పుడొచ్చాడు అన్నయ్య, ఫోను ఎక్కడో పారేసి, పరిగెత్తుకుంటూ. మేము వాడి వెనక పది అడుగుల్లో ఉన్నాం, డ్రమ్ము పక్కన. వాడు మావైపు చూడలేదు. మెట్టు కింద చెయ్యి పెట్టి బటన్ నొక్కాడు. ఆ బటన్ లైట్ల లైనుది, పలకలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. తర్వాత వదినను పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు వాడి నోట విని ఎన్నేళ్ళయిందో.

తలుపు సందులో వేళ్ళు దూర్చి లాగాడు. రేకు కాలుతోంది. చర్మం అంటుకున్నా వదల్లేదు. తలుపు రాకపోయేసరికి కిటికీ మీద పిడికిళ్ళతో బాదాడు. అద్దం పగిలింది, పొగ వాడి మొహం మీదికి దూకింది. కరిగిన కిటికీ చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊడబెరుకుతూ, "వస్తున్నా, వస్తున్నా, నేనొచ్చేశానే," అని అరిచాడు. కరిగిన ప్లాస్టిక్కు వాడి మణికట్ల దాకా కారింది.

నా నోట్లో స్క్రూలు లేవు. వదిన వేళ్ళు నా చేతి మీద బిగుసుకున్నాయి. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది. ఇద్దరం మళ్ళీ వాడివైపు చూశాం.

ఎంతసేపని అడిగితే చెప్పలేను. బాబాయి కుళాయి కట్టకుండా పరిగెత్తుకొచ్చేంత సేపు. ఆయన వాడి నడుం పట్టి వెనక్కి లాగి, "ఒరే అబ్బాయ్, నీకేమైనా పిచ్చా! అదిగో, అమ్మాయి అక్కడే నిలబడి ఉంది కదరా!" అని అరిచాడు.

అన్నయ్య తిరిగి చూశాడు. ముందు వదినను చూశాడు, తర్వాత నన్ను. చేతులు ముందుకు చాచి పట్టుకున్నాడు, ఎవరికో ఇవ్వబోతున్నట్టు. అప్పుడు గాని నొప్పి తెలిసినట్టు లేదు, కిందపడి పొర్లాడాడు.

మూడో రోజున వదిన రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. ఈసారి వెనకనుంచి లాక్కొచ్చే చేతులు ఆసుపత్రిలో కట్లలో ఉన్నాయి. గుమ్మంలో నిలబడి, "నిజం చెప్పనా ఉడుతా," అంది. "పిలుద్దామనుకున్నాను. ఇంకొక్క క్షణం చూసి పిలుద్దామనుకున్నాను. అలా అనుకుంటూనే ఉన్నాను."

"నేనూ అంతే వదినా," అన్నాను. ఆమె నా నల్లబడ్డ గోరును ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికని నేను అడగలేదు. అడిగితే నాకు తెలుస్తుంది, నాకు తెలిస్తే వాడు రాబట్టగలడు.

అన్నయ్యను ఇంటికి తెచ్చేసరికి తొలి వానలు పడుతున్నాయి. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని వంకర్లు తిరిగాయి, ముడుచుకోవు, చాచుకోవు. షెడ్డు పని నేనే చూస్తున్నాను. వాడు ఒక స్టూలు మీద కూర్చుని నా చేతుల వంకే చూసేవాడు. నాకు జాలి వేసేది. తిక్క కుదిరిందనీ అనిపించేది. రెండూ నిజమే, రెండూ ఒక్కరోజే.

ఒక మధ్యాహ్నం వాడికి చెంచాతో అన్నం పెడుతున్నాను. నాలుగో చెంచా దగ్గర నోరు మూసుకున్నాడు.

"ఆ గొళ్ళేనికి లోపల ఇంకో బటన్ పెట్టావు కదూ?"

"పెట్టాను."

"లైను ఎక్కణ్ణించి తీశావు?"

"నేరుగా బ్యాటరీ నుంచి. వేరే లైను."

"ఫ్యూజు?"

"పది. జానెడు లోపలే."

వాన వైపు తిరిగాడు. "నాన్న చెప్పినట్టే చేశావు," అన్నాడు. పనివాడు పనివాడి గురించి అన్న మాటే అది, అందులో వంకరేమీ లేదు. తర్వాత, నావైపు తిరక్కుండా, "నేను అద్దం పగలగొడుతున్నప్పుడు మీరిద్దరూ ఎక్కడున్నారే?" అన్నాడు.

పొగలో ఏమీ కనబడలేదని చెప్పొచ్చు. ఆమె స్పృహ తప్పిందని, నేను చూసుకుంటున్నానని చెప్పొచ్చు. చెబితే నమ్మేవాడు, నమ్మాలనే అడిగాడు.

"నీ వెనకాలే అన్నయ్యా," అన్నాను. "చూస్తూ ఉన్నాం."

వాడి కుడిచెయ్యి లేచింది. భుజం దాకా, ఎప్పుడూ లేచే ఎత్తుకే లేచింది. నేను అలవాటుకొద్దీ తల పక్కకు తిప్పుకున్నాను. దెబ్బ పడలేదు. తల తిప్పి చూస్తే ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది, పిడికిలి బిగియక. ఇద్దరం దానివంకే చూశాం. కాసేపటికి అది దానంతటదే వాడి ఒళ్ళోకి దిగింది.

"చల్లారిపోతోంది, తిను," అన్నాను చెంచా ముందుకు పెడుతూ.

వాడు నోరు తెరిచాడు.